బోర్డు బడి రోజులు

కూర్చో నాయనా, ఆ పీట ఇలా లాక్కో. ఫోను కాసేపు పక్కన పెట్టు, దాన్నెవరూ ఎత్తుకుపోరు. విశాఖపట్నంలో ఈ సర్కారు బడులన్నీ అసలు ఎవరివి తాతా అని అడిగావు చూడు, అది ఒక్క మాటలో తేలే సంగతి కాదు. మీ నాన్నకి చెబుదామంటే వాడికి ఏనాడూ తీరిక లేదు. నువ్వు దొరికావు, వినక తప్పదు.

అమెరికాలో ఊరి బడులన్నిటికీ కలిపి ఒక బోర్డు ఉంటుంది. చాలా చోట్ల దాని సభ్యుల్ని జనమే ఓట్లేసి ఎన్నుకుంటారు. మన ఊళ్ళో అలాంటిది ఎప్పుడూ లేదు. అయినా మా చిన్నప్పుడు పల్లెల్లో సర్కారు బడిని ఎవరూ సర్కారు బడి అనేవారు కాదు, బోర్డు బడి అనేవారు. ఆ పేరు తాలూకా బోర్డు, జిల్లా బోర్డుల నుంచి వచ్చింది. వాటి నెత్తిన చదువొక్కటే కాదు, రోడ్లు, సత్రాలు, ఆసుపత్రులు, సంతలు అన్నీ ఉండేవి. పట్నంలో ఆ బరువు మునిసిపాలిటీది. అందరికీ పెద్ద దిక్కు మద్రాసులో ఉండే విద్యాశాఖ. ఇంతమంది పెద్దల మధ్య బడి ఎలా బతికిందో అదే నేను చెప్పబోయే కథ.

వీటన్నిటికీ ముందు వీధి బడి ఉండేది. పంతులు గారి ఇంటి అరుగే బడి. ఇసకలో వేలితో ఓనమాలు దిద్దించేవారు. తెల్లారగట్ల ముందొచ్చిన గుంటడికి ఒక గౌరవం, ఆలస్యంగా వచ్చినవాడికి బెత్తం. జీతం రూపాయల్లో ఇచ్చేవాళ్ళు తక్కువ. బియ్యం, కందులు, పెరట్లో కాసిన గుమ్మడికాయ, పండక్కి ఒక పంచె, అంతే. దసరాకి పిల్లల్ని వెంటేసుకుని పంతులు గారు ఇంటింటికీ వెళ్ళి పాటలు పాడించి మామూలు పుచ్చుకునేవారు. పిల్లలకి పప్పూ బెల్లం పెట్టేవారు. ఆ బడికి కమిటీ లేదు, రిజిస్టరు లేదు. తనిఖీ మాత్రం రోజూ ఉండేది. సాయంత్రం పిల్లాడు ఇంట్లో ఎక్కం అప్పజెప్పలేకపోతే ఆ నెల బియ్యం కొలత తగ్గిపోయేది. ఇది బాగానే ఉంది గానీ, ఆ అరుగు మీదకి అందరి పిల్లల్నీ రానిచ్చేవారు కాదు, ఆ సంగతి దాచకూడదు. ఏ కులాల పిల్లలు అరుగు కింద నిలబడాల్సి వచ్చేదో నీకు తెలుసు. ఆడపిల్లల మాటే లేదు.

తర్వాత మిషన్ల వాళ్ళు వచ్చారు. లండన్ మిషన్ పాదిరీలు 1805లోనే మన ఊళ్ళో దిగారు. ఆ మిషన్ పని చేతులు మారి కెనడా బాప్టిస్టుల దగ్గరికి వెళ్ళింది. సీబీఎం హైస్కూలు అంటావే, ఆ మూడక్షరాలూ వాళ్ళవే. పాత ఊళ్ళో సెయింట్ అలోషియస్ 1847లో పెట్టారు. మనవాళ్ళు ఊరుకుంటారా? 1860లో ఒక స్కూలు మొదలైంది. అదే పెరిగి పెద్దదై, అంకితం వెంకట నరసింగరావు గారి పేరు మీద మిసెస్ ఏవీఎన్ కాలేజీ అయింది. కాలేజీకి ఆయన పేరూ, ముందు ‘మిసెస్’ అనీ ఉండటం చూసి కొత్తవాళ్ళు ఇప్పటికీ ఆగి చదువుతారు.

రామన్ గారి మాట ఇక్కడ చెప్పకుండా పోలేను. సి.వి. రామన్ అనగానే అందరూ కలకత్తా అంటారు. ఆయనకి చదువు పట్టింది మన సముద్రపొడ్డున. వాళ్ళ నాన్న చంద్రశేఖర అయ్యరు గారు ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. కొడుకు సెయింట్ అలోషియస్‌లో చదివి పదకొండేళ్ళకే మెట్రిక్యులేషన్ పాసయ్యాడు. పదకొండేళ్ళప్పుడు నువ్వు లెక్కల్లో ఎన్ని మార్కులు తెచ్చావో నాకు గుర్తుంది, ఇప్పుడు పైకి చెప్పనులే. పద, మునిసిపాలిటీ దగ్గరికి వద్దాం.

1858లో ఊరి పెద్దలు చేరి మునిసిపల్ సంఘం పెట్టుకున్నారు. మూడేళ్ళకి, 1861లో భీమిలికీ మునిసిపాలిటీ వచ్చింది. వీధులు ఊడవడం, దీపాలు వెలిగించడం మొదట్లో వాళ్ళ పని. 1871లో మద్రాసు ప్రభుత్వం చట్టాలు చేసి పట్నాల్లో చదువుని మునిసిపాలిటీల మీద, పల్లెల్లో లోకల్ ఫండ్ బోర్డుల మీద పెట్టింది. రిప్పన్ దొర 1882లో స్థానిక పాలన జనం చేతికి ఇవ్వాలని తీర్మానం చేస్తే, 1884లో జిల్లా బోర్డులూ తాలూకా బోర్డులూ స్థిరపడ్డాయి. జనం చేతికి అన్నారు గానీ, మొదట్లో జిల్లా బోర్డుకి కలెక్టరే పెద్ద. సభ్యులు జమీందార్లు, ప్లీడర్లు, వర్తకులు. పట్నంలో ఓటు పన్ను కట్టేవాడికే ఉండేది. బోర్డు బడికి ఎవరి పిల్లలు ఎక్కువగా రావాలో, ఆ జాలరికీ ఆ రేవు కూలీకీ ఓటు లేదు.

దీపస్తంభం ఎవరింటి ముందు పాతాలన్న దాని మీద పూట పూటంతా వాదించుకున్న పెద్దమనుషులు, బడి పద్దు వచ్చేసరికి జేబు గడియారాలు తీసి చూసుకునేవారని మా తాతగారు చెప్పేవారు. పదిమంది చేతిలో పడ్డ పాము చావదని సామెత. బడి పాకకి తాటాకు కప్పించే పని కూడా అంతే. వానాకాలం ముందు తీర్మానం అయ్యేది, వానాకాలం వెళ్ళాక ఆకు వచ్చేది.

డబ్బు సంగతి ఇంకా విచిత్రం. ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలో ఫలితాల మీద గ్రాంటు అని ఒక పద్ధతి ఉండేది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి ఒక్కొక్క పిల్లాణ్ణీ నిలబెట్టి చదివిస్తాడు, రాయిస్తాడు, లెక్క చేయిస్తాడు. పాసైన తలకి ఇంత అని బడికి డబ్బు. పంతులు గారి ఇంట్లో పొయ్యి వెలగడం పక్కింటి మొద్దబ్బాయి గుణకారం మీద ఆధారపడిందన్నమాట! ఆ పంతులు బెత్తం ఎందుకు పట్టుకున్నాడో ఇప్పుడు అర్థమైందా? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఆ పద్ధతి తీసేశారు. హాజరు చూసి గ్రాంటు ఇచ్చే అలవాటు మాత్రం ఎయిడెడ్ బడుల్ని చాలా కాలం వదల్లేదు.

అది నేను కళ్ళారా చూశాను. మా సందు చివర ఒక ఎయిడెడ్ బడి ఉండేది. ఒకాయనే దానికి మేనేజరు, హెడ్మాస్టరు, గంట కొట్టేవాడు. నేను చదివేది మునిసిపల్ బడి. ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చిందంటే ఆయన తెల్లారకముందే మా ఇంటి గుమ్మంలో నిలబడి, ‘అమ్మా, మీ బాబుని ఒక్క పూట పంపండి’ అని బతిమాలేవారు. సందులో ఉన్న గుంటలందరినీ పోగేసేవారు. గోడలకి సున్నం, గుమ్మానికి మామిడాకులు, నల్లబల్లకి బొగ్గూ ఆకుపసరూ కలిపిన పూత. చేపల వేటకి తండ్రితో వెళ్ళిపోయిన ఒక పిల్లాడి పేరు ఆ పూటకి నాది. పిలిస్తే ‘హాజర్ సార్’ అనాలి. ఇన్‌స్పెక్టరు గారు తలపాగా సర్దుకుని, రిజిస్టరు మీద వేలు జరుపుతూ పిలుస్తున్నారు. నా పక్కన కూర్చున్నవాడు తన కొత్త పేరు మరిచిపోయి నోరు తెరవలేదు. పంతులు గారి నుదుటి మీద చెమట. ఇన్‌స్పెక్టరు గారు కళ్ళజోడు పైనుంచి మా అందరి వంకా చూసి, వాడి పేరు ఎదురుగా తనే గీత పెట్టి ముందుకి పోయారు. ఆయనకి తెలియదనుకున్నావా? పంతులు గారి జీతం ఎంతో తెలుసు కాబట్టే అలా చేశారు. వెళ్ళాక మాకు తలా ఒక మరమరాల ఉండ.

ఇన్‌స్పెక్టర్లందరూ గీతలు పెట్టి పోయేవాళ్ళే అనుకోకు. 1906 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అని ఒక దొర మన వైపు స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా వచ్చాడు. తెలుగు నేర్చుకుందామని కూర్చుంటే, జనం మాట్లాడే తెలుగు ఒకటి, బడి పుస్తకంలో తెలుగు ఇంకొకటి. ఇదేమిటని అడిగాడు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి గారు, విజయనగరంలో గురజాడ అప్పారావు గారు, మన ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాలు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనతో చెయ్యి కలిపారు. వ్యావహారిక భాష కోసం జరిగిన పెద్ద యుద్ధం బడి తనిఖీలో పుట్టిన ప్రశ్నతో ఊపందుకుంది. నేను నీతో ఇలా మాట్లాడుతున్న భాషే అచ్చులో చదువుతున్నావంటే అందులో మన జిల్లా బడులకీ వాటా ఉంది. తనిఖీకి వచ్చినవాడు నిజంగా చూస్తే ఏమవుతుందో చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం దొరకలేదు.

1920లో మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం వచ్చింది. మన కథలో అచ్చంగా చదువు కోసమే ఏర్పడ్డ సభ అంటే దాంతో వచ్చిందే. జిల్లాకొక విద్యా మండలి పెట్టి, ఏ ఊళ్ళో బడి కావాలి, దేనికి గుర్తింపు ఇవ్వాలి, ఎవరికి గ్రాంటు ఇవ్వాలి అనేది దానికి అప్పగించారు. కావాలంటే ఊళ్ళు నిర్బంధ విద్య పెట్టుకోవచ్చు, చదువు పన్ను వేసుకోవచ్చు, వేసినంత మేర సర్కారు కలుపుతుంది. మర్నాటేడు నుంచి మద్రాసులో విద్యామంత్రి మన ఉత్తరాది వాడే, గంజాం జిల్లా ఎ.పి. పాత్రో గారు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం చట్టం వచ్చిందీ ఆయన హయాంలోనే. మంచి చట్టం, మనవాడే మంత్రి, ఇంకేం కావాలి అనుకుంటాం కదా? పన్ను అనే మాట దగ్గర బండి ఆగింది. మా పిల్లలు పెద్దవాళ్ళైపోయారు, ఇంకొకడి పిల్లాడి చదువుకి మేమెందుకు కట్టాలి అని అరుగుల మీద వాదన. అదే పెద్దమనిషి పెళ్ళిలో భోగం మేళానికి రూపాయలు గుమ్మరించేవాడు. మద్రాసు కార్పొరేషన్ వాళ్ళు మాత్రం 1920లోనే పిట్టి త్యాగరాయ చెట్టి గారి పూనికతో థౌజండ్ లైట్స్ బడిలో పిల్లలకి అన్నం పెట్టారు. ఇవాళ మన బడుల్లో పెడుతున్న మధ్యాహ్న భోజనానికి ముత్తాత అది. ఒక నగరసభ తలుచుకుంటే ఏం చేయగలదో చూడు.

1933లో హార్బరు తెరిచారు. విల్లింగ్డన్ వైస్రాయి డిసెంబరులో వచ్చి ప్రారంభించాడు. ఆ నౌకాశ్రయం తవ్విన కథ మొదలుపెడితే, సముద్రపు అలని ఆపడానికి పాత ఓడలు రెండు ముంచిన ముచ్చట దగ్గర తెల్లారిపోతుంది, వద్దు. దానివల్ల బడికి జరిగింది చెబుతా. గంజాం నుంచి, ఒరిస్సా నుంచి, అరవదేశం నుంచి కూలీలు, గుమస్తాలు దిగారు. మునిసిపల్ బడిలో ఒకే బెంచీ మీద మూడు భాషలు కూర్చున్నాయి. ఆ తర్వాత 1942 ఏప్రిల్ 6న జపాను వాళ్ళు బాంబులు వేశారు. నేను చంకలో బిడ్డని. ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని పల్లెలకి పోయింది. విశ్వవిద్యాలయమే గుంటూరు తరలింది, చిన్న బడుల మాట చెప్పాలా? జనం తిరిగి వచ్చాక పంతుళ్ళు ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని మళ్ళీ లెక్కపెట్టుకున్నారని మా అమ్మ చెప్పేది.

నేను చేరిన మునిసిపల్ బడి పెంకుటిల్లు. కాణీకి రెండు బలపాలు వచ్చేవి. పలక తుడవడానికి బొగ్గూ, దొండాకూ. పై క్లాసుకి వెళితే పాళీ కలం, సిరా బిళ్ళ నీళ్ళలో కలిపిన బుడ్డి. ఇంటికి వెళ్ళేసరికి చొక్కా నిండా నీలం. మా పంతులు గారు హయ్యర్ గ్రేడు టీచరు. గంజి పెట్టిన పంచె, చిలక్కొయ్యకి తగిలించిన గొడుగు, ముక్కుపొడుం డబ్బా. తప్పు చేస్తే గోడకుర్చీ వేయించేవారు గానీ, రెండు రోజులు రాకపోతే సాయంత్రం మన ఇంటికొచ్చి మన తండ్రిని కూర్చోబెట్టి అడిగేవారు. నూకాలమ్మ పండగకి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి జాలరిపేట ఇసకలో వెతుక్కుంటూ వెళ్ళడం చూశాను. బోర్డు సభ్యుడు రాలేదు, కౌన్సిలరు రాలేదు, ఆయన వచ్చారు. హైస్కూలుకి వెళితే నెలనెలా బడి జీతం కట్టాలి. అది కట్టలేక మా క్లాసులో బాగా చదివే ఇద్దరు ముగ్గురు హార్బరు పనికి పోయారు. వాళ్ళు గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఇప్పటికీ మనసు బాగోదు.

ఆంధ్రప్రదేశ్ వచ్చాక 1959లో పంచాయతీరాజ్ వచ్చింది. జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు, తాలూకా స్థాయి కింద సమితులు. ఎలిమెంటరీ బడులు సమితికి, హైస్కూళ్ళు పరిషత్తుకి. పల్లెల్లో జనం ‘పరిషత్తు బడి’ అనడానికి అలవాటు పడేసరికి ఒక తరం పట్టింది. సమితి ప్రెసిడెంటు చేతికి పంతుళ్ళ బదిలీ వచ్చింది. దాంతో పంతులు గారు పాఠం కంటే ప్రెసిడెంటు గారి పెరట్లో వంకాయలు బాగున్నాయని పొగడటం ముందు నేర్చుకోవాల్సి వచ్చింది. పొగడనివాడు ఏజెన్సీలో తేలేవాడు. రాజు తలుచుకుంటే దెబ్బలకు కొదవా? అలాగని ఆ రోజుల్ని నేను తిట్టను. రోడ్డు లేని ఊళ్ళలో బడి గంట మోగింది ఆ సమితుల వల్లే.

ఇక ఉక్కు. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని రోడ్డెక్కినవాళ్ళలో బడి పిల్లలూ కాలేజీ పిల్లలూ ఎంతమంది! 1971 జనవరి 20న ఇందిరాగాంధీ గారు పునాదిరాయి వేశారు. ఫ్యాక్టరీ కోసం ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి, ఊళ్ళతో పాటు వాటి బడులూ. ఉక్కునగరంలో కొత్త స్కూళ్ళు వచ్చాయి. రైల్వేకి, పోర్టుకి, నేవీకి వాళ్ళ వాళ్ళ స్కూళ్ళు అప్పటికే ఉన్నాయి. మన ఊళ్ళో నాన్న ఏ గేటులో పని చేస్తే పిల్లాడు ఆ గేటు బడిలో చదివాడు. ఏ గేటూ లేనివాడు మునిసిపల్ బడిలో చదివాడు.

1979లో మునిసిపాలిటీ కార్పొరేషన్ అయింది. 2005లో గాజువాకనీ, చుట్టుపక్కల 32 ఊళ్ళనీ కలిపి జీవీఎంసీ చేశారు. ఊళ్ళు నగరంలో కలిశాయి గానీ బడులు కలవలేదు. మధురవాడ వెళ్ళి చూడు, చుట్టూ అపార్టుమెంట్లు, సాఫ్ట్‌వేరు కొండలు. మధ్యలో చంద్రంపాలెం హైస్కూలు. నగరంలో ఉండి కూడా దాని పేరు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలే. వేల మంది పిల్లలు చదివే బడి అది, సీటు కోసం జనం వరస కడతారు. బోర్డు మీద పేరు ఎవరిదైతేనేం? 2022లో ప్రభుత్వం 84వ నంబరు జీవో ఇచ్చి మునిసిపల్ బడుల అజమాయిషీని విద్యాశాఖకి అప్పగించింది. పంతుళ్ళు కొంతమంది ధర్నాలు చేశారు. స్థలాలూ భవనాలూ మాత్రం మునిసిపాలిటీలవే. అంటే కుళాయి ఊడితే ఎవరిని అడగాలో పెద్దవాళ్ళకే సందేహం. తిలా పాపం తలా పిడికెడు.

నువ్వు ఆవలించకు, అయిపోవచ్చింది. ఇన్ని చేతులు మారాక చట్టం చివరికి అసలు వాళ్ళ దగ్గరికి వచ్చింది. 1998లో మన రాష్ట్రంలో చట్టం చేసి తల్లిదండ్రులతో స్కూలు కమిటీలు పెట్టారు. 2009 విద్యాహక్కు చట్టం దాన్ని దేశమంతటికీ చేసింది. ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది పిల్లల తల్లిదండ్రులే. మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు. బడికి ఏం కావాలో ప్రణాళిక రాయడం, వచ్చిన డబ్బు ఎలా ఖర్చయిందో చూడటం, పంతుళ్ళు సమయానికి వస్తున్నారో లేదో కనిపెట్టడం వాళ్ళ హక్కు. మా తాతల కాలంలో జాలరికి ఓటు లేదన్నానే, వాడి మునిమనవరాలు ఇవాళ కమిటీకి చైర్‌పర్సన్ కావచ్చు. 2024 ఆగస్టు 8న రాష్ట్రమంతటా ఈ కమిటీలకి ఎన్నికలు జరిగాయి. క్లాసుకి ముగ్గురు చొప్పున తల్లిదండ్రుల్ని ఎన్నుకున్నారు. అమెరికా వాడి బోర్డు ఊరికొకటైతే, మనది బడికొకటి.

అయితే చాలా చోట్ల జరుగుతున్నదేమిటి? సంతకాల పుస్తకం ఇంటికి వస్తుంది, గుమ్మంలోనే సంతకం పెట్టి పంపేస్తున్నారు. దీపస్తంభం కోసం వాదించుకున్న ఆ పాత పెద్దమనుషుల్నైనా మెచ్చుకోవాలి, వాళ్ళు కనీసం సభకి వెళ్ళారు. కలెక్టరు నడిపిన బోర్డునీ, జమీందారు కూర్చున్న కౌన్సిల్‌నీ, సమితినీ, కార్పొరేషన్‌నీ అన్నిటినీ విన్నాను, చూశాను. పిల్లాడు రాకపోతే ఇసకలో వెతుక్కుంటూ వెళ్ళిన మనిషి ఉన్న బడే ప్రతి కాలంలోనూ బాగుంది.

నీ కూతురు ఈ ఏడు రెండో క్లాసు కదా. వాళ్ళ హెడ్మాస్టరు గారిని అడిగి కమిటీ సమావేశం ఎప్పుడో తెలుసుకో. నువ్వూ, మీ ఆవిడా ఇద్దరూ వెళ్ళండి. ఒక పూట పని పోతే పోనీ. పద్దు పుస్తకం చూపించమనండి, పిల్లలతో పాటు కూర్చుని ఆ మధ్యాహ్న భోజనం ఒక ముద్ద తినండి, మరుగుదొడ్డి తలుపు తీసి చూడండి, తర్వాత సంతకం పెట్టండి.